మన కథల్లో దుర్మార్గుడు - పాత్ర చిత్రణలో కొన్ని సమస్యలు

1

ప్రగతిశీల కథ మీద ఇంతవరకూ మనం చేసిన చర్చల్లో ఎక్కువ భాగం కథానాయకుడి చుట్టూ తిరిగింది. అతనికి చైతన్యం ఎక్కణ్ణించి వచ్చింది, ఆ మార్పు సహజంగా ఉందా, ముగింపులో ఎత్తిన జెండా పాత్ర ఎత్తిందా రచయిత ఎత్తించాడా - ఇలాంటి ప్రశ్నల మీద సభల్లో గంటల తరబడి వాదించుకున్నాం. కథలో అవతలి పక్షాన నిలబడే మనిషి గురించి మాత్రం అంత శ్రద్ధగా మాట్లాడుకోలేదు. అతను శత్రువు కాబట్టి అతన్ని ఎలా రాసినా చెల్లిపోతుందనే ధీమా మనలో ఉంది. ఈ వ్యాసంలో నేను ప్రశ్నించదలచుకున్నది ఆ ధీమానే.

ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన కథల్ని పరిశీలించే పని నా మీద పడింది. రాసినవాళ్ళలో చాలామంది పాతికేళ్ళ లోపువాళ్ళు. వస్తువు విషయంలో వాళ్ళకి తడబాటు లేదు. భూమి, కూలి, కులం, కట్నం, ఇసుక వ్యాపారం, రియల్ ఎస్టేటు, కార్పొరేటు చదువు - అన్నీ ఉన్నాయి. దుర్మార్గుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్ని కథల్లోనూ ఒకడే ఎదురయ్యాడు. లావుపాటి మనిషి. గుబురు మీసం, ఎర్రటి కళ్ళు, మెడలో పులిగోరు. నవ్వితే వికటంగానే నవ్వుతాడు. ఆడకూలీ కనబడితే పెదవులు తడుపుకుంటాడు. పేరు మార్చి ఒక కథలోంచి తీసి ఇంకో కథలో పెడితే ఎక్కడా అతుకు కనబడదు. వాడి రాబడి ఎక్కణ్ణించి వస్తుందో, వాడు ఎవరికి బాకీ పడ్డాడో, ఎవరికి భయపడతాడో, ఇంట్లో ఎవరిని ముద్దు చేస్తాడో ఒక్క కథలోనూ తెలియలేదు.

పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పే పంతులుగా నాకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఈ మనిషిని మన పిల్లలు ఊళ్ళో చూడలేదు, తెరమీద చూశారు. వాళ్ళ ఊళ్ళో నిజంగా భూములు కాజేసినవాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బడికి బెంచీలు విరాళమిచ్చి, ఆగస్టు పదిహేనున పిల్లలకి బిళ్ళలు పంచిపెట్టి, పంతుళ్ళకి వినయంగా దణ్ణం పెట్టి వెళ్ళేవాడు. కథలో మీసాలవాణ్ణి అసహ్యించుకోవడం నేర్చిన పిల్లవాడు, జీవితంలో ఈ విరాళాలవాణ్ణి గుర్తుపట్టలేడు. మూస పాత్రవల్ల జరిగే మొదటి నష్టం ఇది. దీన్ని శిల్పలోపం అని పక్కన పెట్టడానికి వీల్లేదు. కథ చదివిన మనిషి కళ్ళు తెరుచుకోవడానికి బదులు మరికాస్త మూసుకుపోయాయంటే అది రాజకీయ నష్టం.

రెండో నష్టం ఇంకా లోతైనది. దోపిడీ ఒక దుష్టుడి గుణంలోంచి పుట్టిందని అలాంటి కథ నమ్మిస్తుంది. దుష్టుడు చస్తేనో, బుద్ధి మార్చుకుంటేనో ఊరు బాగుపడిపోతుందని చెబుతుంది. రాక్షసుడు, సంహారం, పూలవాన - ఇది మన పురాణాలు వేల ఏళ్ళుగా చెబుతున్న కథే. దానికి ఎర్ర అట్ట వేసినంత మాత్రాన కొత్త కథ అయిపోదు.

2

ఈ విషయంలో మనకు సంప్రదాయం లేక కాదు. 1892లో మొదట ప్రదర్శించి 1897లో అచ్చువేసిన 'కన్యాశుల్కా'నికి గురజాడ ఇంగ్లీషులో ఒక పీఠిక రాశాడు. విజయనగరం మహారాజు చేయించిన లెక్కల్ని అందులో ఇచ్చాడు. విశాఖ మండలంలో మూడేళ్ళలో నమోదైన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు 1034. ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది వయసున్నవాళ్ళు ముగ్గురు. ఇలాంటి లెక్క చేతిలో ఉన్న రచయితకి అగ్నిహోత్రావధాన్లనీ లుబ్ధావధాన్లనీ పిశాచాలుగా చిత్రించడానికి కావలసినంత హక్కు ఉంది. గురజాడ ఆ హక్కు వాడుకోలేదు. 1909లో నాటకాన్ని తిరగరాసినప్పుడు ఆ పాత్రల్ని మరింత మనుషుల్ని చేశాడు.

అగ్నిహోత్రావధాన్లు ఒక కూతుర్ని అమ్మి, ఆమె విధవరాలై ఇంట్లో కూర్చుంటే, రెండో కూతురికి బేరం కుదుర్చుకున్న మనిషి. కోపిష్టి. దావాల పిచ్చి. అతను తప్పు చేస్తున్నానని తెలిసి చేసేవాడైతే మనకి అంత భయం కలగదు. తన తండ్రీ తాతా అగ్రహారంలో పదిమందీ చేసినదే తానూ చేస్తున్నాననుకుంటాడు. అడ్డొచ్చిన భార్య మీద అతనికి కలిగేది నిజమైన ఆశ్చర్యంతో కూడిన కోపం. దురాచారం అంటే ఇదీ. దానికి దుర్మార్గుడు అక్కర్లేదు, అలవాటుపడ్డ తండ్రి చాలు.

లుబ్ధావధాన్లు పిసినారి, పిరికివాడు, ముసలివాడు. అతన్ని చూస్తే నవ్వొస్తుంది, ఒక్కోచోట జాలి కూడా వేస్తుంది. ఆ జాలివల్ల సుబ్బికి ముంచుకొచ్చిన ప్రమాదం ఇసుమంతైనా తగ్గినట్టు మనకి అనిపించదు. అసలైన దెబ్బ గిరీశం దగ్గరుంది. సంస్కరణ, ఇంగ్లీషు చదువు, వితంతు వివాహం - పాఠకుడు దేన్ని మంచి అని నమ్ముతున్నాడో ఆ భాషనే గురజాడ ఈ మోసగాడి నోట్లో పెట్టాడు. నాటకం చూస్తున్న విద్యావంతుడు గిరీశాన్ని చూసి నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఉలిక్కిపడతాడు, ఆ ఉపన్యాసం తనదే కాబట్టి. అటు సౌజన్యారావు పంతులు ఉత్తముడు. అయితే వేశ్య అనేసరికి మనిషిని మనిషిగా చూడలేని బలహీనత అతనికుంది. ఆ సంగతి అతనికి మధురవాణి చేత చెప్పించాడు గురజాడ. మంచివాడిలో లోపం, చెడ్డవాడిలో ఆకర్షణ ఇంత కలగలిసి ఉన్నా, ఏది అన్యాయమో అన్న విషయంలో ఆ నాటకం ఎవర్నీ ఎక్కడా అనుమానంలో పెట్టదు. కొత్త రచయితలు గమనించవలసిన పాఠం ఇది. పాత్ర సంక్లిష్టంగా ఉన్నంత మాత్రాన దృక్పథం గజిబిజి కానక్కర్లేదు.

3

ఈ ప్రశ్నని మన కాలానికి తీసుకొచ్చి ఇంకా లోతుకి దింపిన కథ కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం'. 1960లలో వచ్చిన ఆ కథ మీద, ముఖ్యంగా దాని ముగింపు మీద, విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ వాదంలోకి నేనిప్పుడు పోవటం లేదు. ఆ కథలో శత్రువు ఎక్కడున్నాడన్నదే నా ప్రశ్న.

సుందరపాలెంలో పంచాయితీ కూర్చుంది. అప్పల్రాముడు గోపన్నకి బాకీ. అది దొంగబాకీ కాదు. తీసుకున్నానని అప్పల్రాముడే ఒప్పుకుంటున్నాడు. తీర్పు చెప్పవలసిన శ్రీరాములునాయుడు ఊరిని బాగుచేసినవాడు, గాంధీగారి మార్గాన్ని నమ్మినవాడు, ధర్మం తప్పడని పేరు తెచ్చుకున్నవాడు. కథ మొదట్లో ఆ ఊరు సాధించిన ప్రగతినీ నాయుడి పెద్దరికాన్నీ రచయిత తీరిగ్గా, దాదాపు గౌరవంగా చెప్పుకొస్తాడు. తొందరపాటు రచయితైతే మూడో పేరాలోనే నాయుడి చేత ఒక కూలివాణ్ణి తన్నించి ఉండేవాడు. రామారావుగారు అలా చెయ్యలేదు. పంచాయితీ నడిచినంతసేపూ అబద్ధమాడినవాడు, చెయ్యి చేసుకున్నవాడు, చట్టం దాటినవాడు మనకి దొరకడు. అందరూ న్యాయం మాట్లాడతారు. ఆ న్యాయం చివరకి వచ్చేసరికి అప్పల్రాముడి కుటుంబానికి ఉన్న కాస్త భూమీ పోయేట్టు తేలుతుంది. కొడుకు సీతారాముడు ఇంటికి వెళ్ళి తన పసిబిడ్డని చంపి పంచాయితీ ముందుకు తెస్తాడు.

నాయుడు ధర్మాత్ముడు కావడమే ఈ కథకి ప్రాణం. అతను లంచగొండి అయితే, మంచి ప్రెసిడెంటు వస్తే చాలునని సరిపెట్టుకుంటాం. అతను మంచివాడు కాబట్టే, ఆ మంచితనం ఏ నేల మీద నిలబడి ఉంది, ఆ ధర్మం ఎవరి ఆస్తికి కాపలా కాస్తోంది అని అడగక తప్పదు. పంచాయితీలో మనమే కూర్చుని ఉన్నా బహుశా ఆ తీర్పే చెప్పి ఉండేవాళ్ళమనే ఆలోచన మెల్లగా మొదలవుతుంది. వ్యవస్థ అనే మాట మనం వ్యాసాల్లో వందసార్లు వాడతాం. దాన్ని కళ్ళకు కట్టించాలంటే నిజాయితీపరుడైన నాయుడు కావాలి.

మార్గరెట్ హార్క్‌నెస్‌కి 1888లో ఎంగెల్స్ రాసిన ఉత్తరాన్ని మనం తరచు ప్రస్తావిస్తుంటాం. వాస్తవికత అంటే వివరాల్లో నిజం ఒక్కటే చాలదు, ఆ కాలపు పరిస్థితులకు ప్రాతినిధ్యం వహించే పాత్రలు కావాలని అందులో ఆయన అన్నదాని సారాంశం. ప్రాతినిధ్యం అంటే మూస అని మనలో కొందరు అర్థం చేసుకున్నారు. నిజానికి ఆ ఉత్తరంలోనే ఆయన మెచ్చుకున్నది రాజరికాన్ని అభిమానించిన బాల్జాక్‌ని. తన అభిమానాలకు విరుద్ధంగా కూడా మనుషుల్ని ఉన్నదున్నట్టు చూడగలిగాడనే కదా ఆ మెచ్చుకోలు! ఇష్టంలేనివాళ్ళని నిజంగా చూడటం మనం కూడా నేర్చుకోవలసిన క్రమశిక్షణే.

4

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. సభల్లో చాలామంది మిత్రులు లేవదీసిందే. దెబ్బ తిన్నవాడు కథ రాస్తున్నప్పుడు కొట్టినవాడి మనసులోకి కూడా తొంగిచూడమనడం ఏం న్యాయం? శత్రువుకి భార్యాబిడ్డల్నీ కన్నీళ్ళనీ ఇస్తే పాఠకుడి కోపం చల్లారిపోదా? కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత కూడా హంతకుల పట్ల 'సున్నితత్వం' గురించి మాట్లాడటం అగ్రవర్ణ సుఖం కాదా?

ఈ అభ్యంతరంలో నిజముంది. శత్రువుని మనిషిని చేసే పేరుతో అతనికి వకాల్తా పుచ్చుకునే రచనలు చాలా ఉన్నాయి. 1999 తర్వాత వరసగా వచ్చిన ముఠాకక్షల సినిమాలు చూడండి. కత్తి పట్టిన నాయకుడికి తల్లి ఉంటుంది, గుడి ఉంటుంది, పాత పగ ఉంటుంది, ఆ పగకి కన్నీటి కథ ఉంటుంది. అతని కోసం చచ్చిపోయే అనుచరుడికి మాత్రం పేరైనా ఉండదు. ఆ అనుచరుడి పెళ్ళాం మర్నాడు పొయ్యి ఎలా వెలిగించిందో ఎవరికీ పట్టదు. రాయలసీమ అంటే కత్తులూ సుమోలూ అనే చిత్రం తెలుగునాడంతా పాకింది. అదే నేల మీది కరువునీ, బోరుబావుల్నీ, అప్పుల్లో మునిగిన రైతునీ కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ కథల్లో చదివినవాళ్ళకి ఆ అబద్ధం ఎంతటిదో తెలుస్తుంది. వాళ్ళ కథల్లో పెత్తందారులు లేరా? ఉన్నారు. వాళ్ళ పెత్తనానికి ఆధారమైన భూమి, నీళ్ళు, ఓట్లు, కాంట్రాక్టులు కూడా ఉన్నాయి.

కాబట్టి తేల్చుకోవలసింది పాత్రకి కన్నీళ్ళు ఇవ్వాలా వద్దా అన్నది కాదు. కథలో ఎవరి బాధకి ఎంత చోటు దక్కిందన్నది లెక్క. కొట్టినవాడి అంతరంగానికి పది పుటలూ, దెబ్బ తిన్నవాడికి ఒక కేకా ఇచ్చిన కథ సున్నితమైన కథ కాదు, పక్షపాతపు కథ. సానుభూతి వేరు, అవగాహన వేరు. సానుభూతి మనిషిని శిక్షలోంచి తప్పించాలని చూస్తుంది. అవగాహన అతను ఎందుకు అలా చెయ్యగలిగాడో, ఎవరి అండ చూసుకుని చేశాడో, చేశాక రాత్రి ఎలా నిద్రపోగలిగాడో కనిపెడుతుంది. హత్యల్లో పాల్గొన్నవాళ్ళు మర్నాడు గేదెల పాలు పితుక్కుని, పిల్లల్ని బడికి పంపి మామూలుగా బతకగలిగారన్నది ఏ రాక్షసుడి కథకన్నా భయంకరమైన నిజం. ఆ మామూలుతనాన్ని రాయగలిగిన రచయిత ఎవరినీ క్షమించడం లేదు. ఊరంతటినీ సాక్షిగా బోనులోకి పిలుస్తున్నాడు.

అయితే కోపంతో రాసే హక్కు దెబ్బ తిన్నవాడికి ఎప్పుడూ ఉంది. దళిత కవి నిందించినప్పుడు ఆ నిందలో సమతూకం వెతకడం విమర్శకుడికి తగదు. నేను అడుగుతున్న క్రమశిక్షణ ముందుగా వర్తించేది నావంటివాళ్ళకి - అన్యాయాన్ని చూసి రాస్తున్నవాళ్ళకి, అనుభవించి కాదు.

5

మూస దుర్మార్గుడు నిర్దోషి కాని సంగతి మరొకటుంది. అతనికి రచయిత తగిలించే గుర్తులు ఎక్కణ్ణించి వస్తున్నాయి? నల్లటి ఒళ్ళు, మెల్లకన్ను, స్ఫోటకం మచ్చలు, కుంటికాలు. గూని మంథర దగ్గర్నించి, రంగస్థలం మీద కాలీడ్చే శకుని దగ్గర్నించి మనకి ఇవి వారసత్వంగా వచ్చాయి. అవిటితనాన్ని చెడుకి చిహ్నంగా వాడినప్పుడల్లా నిజంగా కాలు పోయిన కూలివాణ్ణి, చూపు పోయిన ముసలమ్మని మన కథ అవమానిస్తోంది. చాసో 'ఎంపు' కథలో ముష్టివాళ్ళు కనబడతారు. కూతురు కుంటివాణ్ణి ఇష్టపడుతుంది, తండ్రి గుడ్డివాడికి ఇవ్వాలంటాడు. గుడ్డివాడికైతే ముష్టి బాగా పడుతుందని అతని లెక్క. ఆ లెక్క ఏ గృహస్థు సంబంధాలు చూసేటప్పుడు వేసే లెక్కకీ తీసిపోదు. అక్కడ అవిటితనం గుణం కాదు, చిహ్నం కాదు, బతుకుతెరువు. చాసోకి జాలి చూపించవలసిన అవసరం రాలేదు, ఆ మనుషుల బుర్రల్ని ఆయన గౌరవించాడు కాబట్టి.

గుర్తుల్లో మతం కూడా ఉంది. తెలంగాణా సాయుధ పోరాటం మీద వచ్చిన రచనల్లో రజాకారు పాత్ర తప్పకుండా ఉంటుంది, ఉండాలి. వాళ్ళు చేసిన దారుణాలు చరిత్ర. అయితే ఆ పాత్రకి గడ్డం, టోపీ, ఉర్దూ ముక్కలు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే, పాఠకుడి మనసులో మిగిలేది రజాకారు కాదు, ముసల్మాను. చరిత్ర అలా లేదు. విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి కోర్టుకెక్కి 1940లో హత్యకు గురైన రైతు షేక్ బందగీ. రజాకార్లని తన పత్రికలో ఎండగట్టినందుకు 1948 ఆగస్టులో వాళ్ళ చేతిలో చనిపోయిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్. పోరాటానికి పాట ఇచ్చిన కవి మఖ్దూం మొహియుద్దీన్. రజాకార్లకి గడీల్లో ఆశ్రయమిచ్చిన దొరల్లో చాలామంది హిందువులు. పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యాకాండలో చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని పండిత సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ అధ్యాయం మన కథా సాహిత్యంలోకి ఎంత వచ్చింది? రజాకారుని క్రూరుడిగా చూపించడం తప్పు కాదు. ఆ క్రూరత్వానికి మూలం నిజాం రాజ్యంలో, జాగీర్లలో, గడీల్లో ఉందని చూపించకుండా టోపీలో చూపించడం తప్పు. ఇవాళ ఆ తప్పుకి వెల చెల్లిస్తున్నవాళ్ళు మన పక్కింటివాళ్ళు.

పాత మూసని తలకిందులు చేస్తే సరిపోతుందా? త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబుకవధ' రాసి, పురాణం దోషిగా నిలబెట్టినవాణ్ణి నాయకుణ్ణి చేశాడు. ఆనాటికి అది చాలా పెద్ద సాహసం, అవసరమైన సాహసం. అయితే తలకిందులు చేసిన మూస కూడా మూసే. ఓల్గా 'సమాగమం' కథలో శూర్పణఖ, సీత కలుసుకుంటారు. ముక్కు కోయించుకున్న స్త్రీ అక్కడ రాక్షసీ కాదు, అమరవీరురాలూ కాదు. తన అందం గురించి, పగ గురించి, పగ దాటిన తర్వాతి బతుకు గురించి ఆలోచించుకున్న మనిషి. పక్షం మార్చడంతో ఆగిపోకుండా పాత్రకి ఆలోచించే తీరిక ఇచ్చినప్పుడు ఏం సాధ్యమవుతుందో అక్కడ తెలుస్తుంది.

6

దుర్మార్గుడు మూసలో ఉన్న కథలో బాధితుడు కూడా మూసలోనే ఉంటాడు. ఇది దాదాపు నియమం. అవతలివాడు నూటికి నూరుపాళ్ళూ చెడ్డ కాబట్టి ఇవతలివాడు నూటికి నూరుపాళ్ళూ మంచి కావలసి వస్తుంది. అతను అబద్ధమాడడు, తాగడు, పెళ్ళాన్ని కొట్టడు, అసూయపడడు. చివరి పుట దాకా ఓర్చుకుంటాడు. అతనికి లేనివి తెలివితేటలు, హాస్యం, ఇష్టాయిష్టాలు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో 'మాలపల్లి' ప్రచురించినప్పుడు దళిత కుటుంబాన్ని నవల నడిమధ్యలో నిలబెట్టిన గౌరవం ఆయనది. ప్రభుత్వం ఆ నవలని నిషేధించిందంటే దాని బలం అర్థమవుతుంది. అందులో సంగదాసుని చంపిన చౌదరయ్య మూసపాత్ర కాడు. అతని కొడుకు రామానాయుడే సంగదాసుకి ఆప్తమిత్రుడు. కూలీలు తిరగబడటం ఒక ఎత్తు, తన ఇంట్లోనే తన పెద్దరికం కరిగిపోవడం ఇంకో ఎత్తు. ఆ రెండూ కలిసిన ఆవేశం అతని దెబ్బలో ఉంది. కానీ రామదాసు సంగతి? వేదాంతి, శాంతమూర్తి, నిష్కామి. ఇంత పవిత్రుడైతే తప్ప పై కులాల పాఠకుడు అతన్ని గౌరవించడని రచయిత లెక్క వేశాడా అని దళిత విమర్శకులు అడిగిన ప్రశ్న న్యాయమైనది. మనిషి గౌరవం పొందడానికి ముందు మహర్షి కావాలా? వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడిగా మారి దోచి పంచుతున్నప్పుడు ఆ నవలలో వేరే ఊపిరి వినబడుతుంది. అతనిలో తప్పు ఉంది, తొందర ఉంది, అందుకే ప్రాణం ఉంది.

ప్రేమ్‌చంద్ 'కఫన్' ఇందుకు ఎదురు కొసన ఉంది. కోడలి కఫనుకి తెచ్చిన డబ్బులతో తాగిన ఘీసూ మాధవుల్ని ఆయన ఏమాత్రం పవిత్రం చెయ్యలేదు. ఆ సోమరితనాన్ని కులానికి అంటగట్టాడని దళిత రచయితలు ఆక్షేపించారు. పాటుపడేవాడి బతుకు పాటుపడనివాడి బతుకుకన్నా మెరుగ్గా లేనిచోట సోమరితనం ఒక తర్కమని కథ చెబుతోందని మరికొందరు సమర్థించారు. రెండు వాదాలూ చదవండి. బాధితుడిలోని లోపాన్ని రాసేటప్పుడు, అది అతని బతుకులోంచి వచ్చిందని చూపించడం, అతని పుట్టుకలోంచి వచ్చినట్టు ధ్వనించడం - ఈ రెంటి మధ్య గీత ఎంత సన్ననిదో తెలుస్తుంది.

ఆ గీత మీద తడబడకుండా నడిచినవాడు రావిశాస్త్రి. విశాఖపట్నంలో లాయరుగా ఆయన చూసిన ముద్దాయిలు మద్యనిషేధం రోజుల్లో సారా అమ్మి పట్టుబడ్డవాళ్ళు, దొంగలు, ఒళ్ళమ్ముకున్నవాళ్ళు. చట్టం దృష్టిలో వాళ్ళే దుర్మార్గులు. 'మాయ' కథలో సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మ. ఆమె కడిగిన ముత్యం కాదు. సారా అమ్మిన సంగతి దాచుకోదు కూడా. కోర్టు, పోలీసు, ప్లీడరు, డబ్బు - ఇవన్నీ ఎలా తిరుగుతాయో తనని రక్షిద్దామని వచ్చిన కుర్ర లాయరుకి ఆమే పాఠం చెబుతుంది. తన యాసలో, తన వెటకారంతో. చదువుకున్నవాడు వింటాడు. పాత్ర పట్ల గౌరవం అంటే ఇదీ. రచయిత ఆమె తరఫున వాదించలేదు, వాదన ఆమెకే అప్పజెప్పాడు. కమ్యూనిస్టు ఖైదీగా ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి కూడా 'జైలు లోపల' కథల్లో ఇదే పని వేరే తీరున చేశాడు. రాజకీయ ఖైదీ సాధారణంగా తన త్యాగం గురించి రాసుకుంటాడు. ఆయన పక్క గదుల్లో ఉన్న దొంగలనీ హంతకులనీ కూర్చోబెట్టి, వాళ్ళు జైలుకి వచ్చిన దారిని విన్నాడు.

7

ఇంతకీ రాయబోయే మిత్రులకి నేను చెప్పగలిగింది సూత్రాలు కాదు, కొన్ని ప్రశ్నలు. కథ రాశాక మీ దుర్మార్గుడి దగ్గర కాసేపు కూర్చోండి. అతని రాబడి లెక్క మీకు తెలుసా? ఎకరాలు, వడ్డీ, కాంట్రాక్టు, కమిషను - ఏదైనా సరే, అంకెతో సహా తెలియాలి. అతను చేసిన పనిని అతను తన కూతురికి ఎలా చెప్పుకుంటాడు? ఆ వాక్యం మీరు రాయలేకపోతే అతను మీకు ఇంకా తెలియనట్టే. అతను ఎవరి ముందు చేతులు కట్టుకుంటాడు? ఆ పైవాడు కథలో ఎక్కడైనా కనబడ్డాడా? అతని ఒంటి మీద మీరు పెట్టిన గుర్తు తీసేస్తే కూడా అతను దుర్మార్గుడుగా మిగులుతాడా? మిగలకపోతే, మీరు రాసింది దుర్మార్గాన్ని కాదు, మీకున్న ఏవగింపుని.

తర్వాత బాధితుడి దగ్గరికి వెళ్ళండి. అతను కథలో ఒక్కసారైనా నవ్వాడా? రచయితకి నచ్చని మాట ఒక్కటైనా అన్నాడా? అతని భాషని మీరు కొటేషన్లలో పెట్టి, మీ భాషని బయట పెట్టుకున్నప్పుడు, ఆ గీతకి అవతల ఎవరిని నిలబెట్టారు? నామిని తన చిత్తూరు మాటలోనే కథ మొత్తం నడిపి ఆ గీతని చెరిపేశాక, యాస కేవలం పనివాళ్ళకీ హాస్యగాళ్ళకీ అనే వాదనకి కాలం చెల్లింది.

మంచికి హాని చెయ్యకుండా, చెడ్డకి సాయపడకుండా రాయాలనే అర్థంలో రావిశాస్త్రి చెప్పిన మాట మన సభల్లో వినబడుతూనే ఉంటుంది. దుర్మార్గుణ్ణి బొమ్మగా రాయడం కూడా చెడ్డకి సాయమేనని నా వాదన. బొమ్మని కాల్చేసి జనం ఇళ్ళకి పోతారు. అసలువాడు తెల్లారి పంచాయితీ ఆఫీసుకి వస్తాడు, అందరూ లేచి నిలబడతారు. మన కథ చదివిన మనిషి ఆ పూట లేచి నిలబడే ముందు ఒక్క క్షణం ఆగి అతని మొహంలోకి చూడాలి.